సెంటరా, ఇల్లా? ఏ బడి, ఏ భాష? ఆటిజం ఉన్న బిడ్డ ఇంట్లో ఎంపికల సంగతి

ఆటిజం అని డాక్టరు చెప్పిన రోజు సాయంత్రానికే సలహాలు మొదలవుతాయి. ఫలానా సెంటరులో చేర్పించండి. ఉద్యోగం మానేయండి. హైదరాబాదుకు మారిపోండి. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడండి. గోధుమలు, పాలు మానిపించండి. చెప్పేవాళ్లంతా మన మంచి కోరేవాళ్లే. అన్నీ చేయడానికి మాత్రం ఏ ఇంట్లోనూ అంత డబ్బు ఉండదు, అంత ఒంట్లో శక్తీ ఉండదు. కాబట్టి ఎంచుకోక తప్పదు.

మా అమ్మాయికి ఇప్పుడు పదహారేళ్లు. కింద రాసిన దారుల్లో కొన్ని మేము నడిచినవి, కొన్ని తోటి తల్లిదండ్రుల ఇళ్లలో దగ్గరగా చూసినవి. దేన్నైనా తూచడానికి నేను వాడే ప్రశ్న ఒక్కటే: ఈ పని చేశాక సాయంత్రం ఆరింటికి బిడ్డలోనూ, బిడ్డను చూసుకునే మనిషిలోనూ కాస్త ఓపిక మిగులుతుందా? మిగలకపోతే అది ఎంత పేరున్న పద్ధతి అయినా మూడు నెలలు దాటి నడవదు.

ముందు కొట్టేయవలసినవి

పోల్చనక్కర్లేని వాటిని మొదటే పక్కన పెడదాం. ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తామనే ప్రకటన ఎవరిదైనా నమ్మకండి. మూలకణ (స్టెమ్ సెల్) చికిత్సను ఆటిజానికి సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్‌లోని నైతిక విలువల బోర్డు 2022లోనే తేల్చి చెప్పింది. ఒంట్లోని లోహాలను తీసేస్తామంటూ చేసే చెలేషన్ వల్ల 2005లో అమెరికాలో ఐదేళ్ల బాలుడు చనిపోయాడు. గోధుమ, పాలు లేని తిండి అంత ప్రమాదం కాదు గానీ, దానివల్ల ఆటిజం లక్షణాలు తగ్గుతాయనడానికి గట్టి రుజువు లేదు. పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టని పిల్లవాడి కంచంలోంచి పెరుగు తీసేస్తే ఇక వాడు తినేదేమిటి?

మందు అవసరమే లేదని నేను అనడం లేదు. మూర్ఛ, మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం, పంటి నొప్పి ఈ పిల్లల్లో తరచూ కనిపిస్తాయి. చెప్పుకోలేక తల బాదుకుంటారు. ఉన్నట్టుండి పిల్లవాడి తీరు మారితే కొత్త థెరపీ వెతకడానికి ముందు పిల్లల డాక్టరు దగ్గరికి, పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

సెంటరా, ఇల్లా

వారానికి 40 గంటల శిక్షణ కావాలన్న మాట ఎక్కడో ఒకచోట మీ చెవిన పడే ఉంటుంది. 1987లో అమెరికాలో ఇవార్ లోవాస్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన అధ్యయనంతో ఆ లెక్క ప్రచారంలోకి వచ్చింది. మన ఊళ్లలో అన్ని గంటలు ఎవరూ కొనలేరు. ముప్పావు గంట సెషన్లు నెలకు ఇన్నని ప్యాకేజీగా కొంటాం. అదీ మధ్యతరగతి జీతంలో పెద్ద ముక్కే.

దీనికి ఎదురుగా ఉన్న దారి, తల్లిదండ్రులకే పద్ధతి నేర్పించి ఇంట్లో చేయించడం. డబ్బులేనివాళ్ల కోసం పుట్టిన రెండో రకం వైద్యంగా దీన్ని చూడకండి. గోవాలో, పాకిస్థాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లలతో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అందులో శిక్షణ ఇచ్చింది పెద్ద నిపుణులు కారు, మామూలు ఆరోగ్య కార్యకర్తలు. వాళ్లు తల్లిదండ్రులకు నేర్పినది, బిడ్డ దేన్ని చూస్తుంటే దాని గురించే మాట్లాడటం, బిడ్డ చేసే చిన్న ప్రయత్నానికి వెంటనే స్పందించడం. తల్లిదండ్రుల స్పందన బిడ్డకు అనుగుణంగా మారింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కుటుంబాల కోసం తొమ్మిది బృంద తరగతులు, మూడు ఇంటి సందర్శనలతో ఇలాంటి శిక్షణనే రూపొందించింది.

అయితే ఇంట్లో చేయడం అంటే హాల్లో చిన్న బల్ల వేసి సెంటరును ఇంటికి తెచ్చుకోవడం కాదు. అలా చేసినవాళ్ల ఇంట్లో అమ్మ పోయి టీచరు మిగులుతుంది. ఎలాగూ చేయవలసిన పనుల్లోనే నేర్పించాలి. బట్టలు వేసుకోవడం తీసుకోండి. మొదటి నుంచి నేర్పబోతే తల దూర్చడం దగ్గరే బిడ్డ విసిగిపోతుంది. చివరి నుంచి రండి. తల దూర్చి, రెండు చేతులూ తొడిగి, చొక్కా ఛాతీ దాకా దించి అక్కడ ఆగండి. మిగిలిన జానెడు బిడ్డ తనే కిందికి లాగుతుంది. పని పూర్తయిన సంతోషం ఆమెకే దక్కుతుంది. అది అలవాటయ్యాక ఒక చేయి తొడగకుండా వదలండి, తర్వాత రెండో చేయి. స్నానంలో చివరి చెంబు, దోసెల దగ్గర పెనం మీద నుంచి కంచంలోకి తీసే పని, అన్నీ ఇలాగే. రోజూ ఎలాగూ జరిగేవి కనుక వీటికి వేరే టైము పెట్టనక్కర్లేదు.

మరి సెంటరు ఎప్పుడు కావాలి? మింగడంలో ఇబ్బంది ఉన్నప్పుడు, తనను తాను గాయపరచుకుంటున్నప్పుడు, ఇంట్లో ఏం చేయాలో అసలు తోచనప్పుడు, తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లక తప్పనప్పుడు. రెండింటిలో ఒక్కటే ఎంచుకోవాలని కూడా ఏమీ లేదు. నన్నడిగితే, తలుపు బయట కూర్చునే ఐదు సెషన్ల కంటే తల్లో తండ్రో లోపల కూర్చునే రెండు సెషన్లు మేలు.

డబ్బు సంగతి తేలకముందు ప్రభుత్వ దారి కూడా చూడండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సత్వర చికిత్స కేంద్రాలు ఏర్పడ్డాయి. పరీక్షలు, కొన్ని థెరపీలు అక్కడ ఉచితం. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. రద్దీ ఎక్కువ, అపాయింట్‌మెంటుకు ఆగాలి. కానీ ఒక్కసారి సమగ్రంగా పరీక్ష చేయించి, ఇంట్లో చేయవలసిన కార్యక్రమం రాయించుకోవడానికి ఆ నిరీక్షణ తగినదే. ఊరు మారిపోవాలనుకునేవాళ్లు మొదట ఈ పని చేసి చూడాలి. సొంత ఊళ్లో అమ్మమ్మ, మేనమామ, తెలిసిన కిరాణా కొట్టు ఉంటాయి. అవి హైదరాబాదు అపార్ట్‌మెంటులో దొరకవు.

సెంటరును ఎలా చూడాలి

రంగురంగుల బంతుల గది, ఊయలలు చూసి పడిపోకండి. వెయిటింగ్ గదిలో ఒక గంట కూర్చోండి. పిల్లలు లోపలికి వెళ్తుంటారు, తలుపు మూసుకుంటుంది, తల్లులు ఫోన్లు చూస్తుంటారు. ముప్పావు గంటకు తలుపు తెరుచుకుని "ఈరోజు బాగా చేశాడండీ" అన్న ఒక్క ముక్క బయటికి వస్తుంది. ఏం చేశాడు? ఎందుకు చేశాడు? రేపు ఇంట్లో మనం ఏం చేయాలి? ఇవి తెలియకుండా నెలకు నెల ఫీజు కట్టేవాళ్లు ఎందరో.

కాబట్టి మొదటి ప్రశ్న, లోపల కూర్చోనిస్తారా అని. పిల్లవాడి దృష్టి చెదురుతుంది కాబట్టి వద్దంటే, కనీసం అద్దంలోంచో కెమెరాలోనో చూడనివ్వాలి. ఏదీ కుదరదంటే ఆ సెంటరు నాకు వద్దు. కొట్టడం, గదిలో పెట్టి గడియ వేయడం, తిండి ఆపడం వంటివి ఎక్కడ జరిగినా మూసిన తలుపు వెనకే జరుగుతాయి.

రెండోది, లక్ష్యాల కాగితం అడగండి. "కళ్లలోకి చూడటం మెరుగుపరచడం" అని ఉంటే అనుమానించండి. బలవంతంగా కళ్లలోకి చూడటం తమకు ఎంత బాధాకరమో పెద్దవాళ్లైన ఆటిస్టిక్ వ్యక్తులు ఎంతోమంది చెప్పారు. చేతులు ఊపడం మాన్పించడమూ అంతే, చేతులు ఊపితే ఎవరికీ నష్టం లేదు. "దాహం వేసినప్పుడు ఎవరి చేయీ లాగకుండా గ్లాసు తెచ్చి ఇవ్వడం" అని రాసి ఉంటే, వీళ్లకు ఇంట్లో బతుకు ఎలా ఉంటుందో తెలుసునని అర్థం.

మూడోది అర్హత. స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయులకు భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉండాలి. దాన్నే సీఆర్ఆర్ నంబరు అంటారు. అడగడానికి మొహమాటపడకండి. రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ మండలి కిందికి రారు, వాళ్ల విషయంలో డిగ్రీ చూడాలి. గోడ మీద ఒకరి పట్టా వేలాడుతూ లోపల ఇంకెవరో పనిచేస్తున్నారేమో కూడా చూసుకోవాలి.

మాట కోసం ఆగాలా, కార్డులు ఇవ్వాలా

ఇంట్లో పెద్దవాళ్లు దాదాపు ప్రతిసారీ ఒకటే అంటారు: "వీళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గానీ మాట రాలేదు, ఆగండి." అడగడానికి బొమ్మల కార్డులు గానీ, ట్యాబ్‌లెట్టు గానీ చేతికిస్తే ఇక నోరు తెరవడని భయం. ఈ భయానికి ఆధారం లేదు. బొమ్మల కార్డులు, మాట్లాడే యాప్‌లు వాడిన పిల్లల్లో మాట వెనక్కి పోలేదని, కొందరిలో పెరిగిందని అధ్యయనాలు చెబుతున్నాయి. అడిగింది దొరుకుతుందని ఒకసారి తెలిశాక అడగడం మీద ఇష్టం పుడుతుంది, దారి ఏదైనా.

కార్డులా, యాప్‌నా అన్నదే అసలు ప్రశ్న. చిన్నపిల్లలకు, వస్తువులు విసిరే పిల్లలకు కార్డులతో మొదలుపెట్టడం చవక, తేలిక. అమెరికాలో 1985లో తయారైన బొమ్మల మార్పిడి పద్ధతి మొదటి మెట్టు మన ఇంట్లో ఇలా ఉంటుంది. బిడ్డ ఎదురుగా ఒకరు జంతిక ముక్క పట్టుకుని కూర్చుంటారు. మధ్యలో జంతిక ఫొటో ఉన్న కార్డు. బిడ్డ వెనుక ఇంకొకరు. బిడ్డ చేయి జంతిక మీదికి వెళ్లగానే వెనుక ఉన్నవారు ఆ చేతిని మెల్లగా కార్డు మీదికి తెచ్చి, తీయించి, ఎదుటివారి అరచేతిలో పెట్టిస్తారు. కార్డు అరచేతిలో పడీపడగానే "జంతిక" అని ముక్క ఇచ్చేయాలి. "ఏం కావాలమ్మా? చెప్పు, చెప్పు" అనకూడదు. అదే మనకు కష్టం! వెనుక ఉన్నవారి సాయాన్ని రోజురోజుకూ తగ్గిస్తూ పోవాలి. దీనికి మొదట్లో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి కాబట్టి నాన్న ఇంట్లో ఉండే వేళే పెట్టుకోండి.

కార్డులు వందకు పెరిగాక సంచీ మోయలేరు, కావలసింది వెతికేలోపు బిడ్డకు కోపం వస్తుంది. అప్పుడు యాప్ వైపు వెళ్లవచ్చు. చెన్నైలో రూపొందిన ఆవాజ్ డబ్బు పెట్టి కొనాలి. ఐఐటీ బొంబాయివాళ్ల జెల్లో ఉచితం. ఏది తీసుకున్నా ఆ ట్యాబ్‌లో యూట్యూబ్ ఉండకూడదు. మాట్లాడే పరికరం, ఆడుకునే పరికరం వేరువేరుగా ఉండాలి. వీలుకాకపోతే కార్డులతోనే ఇంకొన్నాళ్లు ఉండటం మంచిది.

మొదటి మాటలుగా ఏవి పెట్టాలన్న దానిలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ప్లీజ్, థాంక్యూ తర్వాత చూసుకోవచ్చు. "వద్దు", "చాలు", "ఇంకా", "నొప్పి" ముందు. వద్దని చెప్పే వీలుంటే కొరకవలసిన పని తగ్గుతుంది.

ఇక భాష. ఒక్క భాషే మాట్లాడండి, అదీ ఇంగ్లిషు, బడిలో పనికొస్తుంది అనే సలహా ఇప్పటికీ వినిపిస్తోంది. రెండు భాషల మధ్య పెరిగే ఆటిజం పిల్లలకు దానివల్ల అదనపు ఆలస్యమేమీ జరగడం లేదని పరిశోధనలు చూపిస్తున్నాయి. తల్లికి అలవాటు లేని ఇంగ్లిషులో ఇంట్లో వినిపించేవి "కమ్, సిట్, ఈట్" మాత్రమే. నానమ్మ అయితే ఆ మాత్రమూ మాట్లాడదు. బిడ్డ చుట్టూ మాటలే తగ్గిపోతాయి. కాబట్టి తెలుగు ఇంట్లో తెలుగే. వీడియోలు చూసి అమెరికా యాసలో ఇంగ్లిషు రైములు చెప్పే పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్లను అడ్డుకోనక్కర్లేదు, రెండూ ఉండనివ్వండి.

ఏ బడి

ఇక్కడే అందరికీ పట్టుదలలు వస్తాయి. చట్టం ముందు చెప్పేస్తాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరలోని బడిలో గానీ, తమకు నచ్చిన ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంది. గుర్తింపు పొందిన బడి ఏదీ వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదు. కానీ కోర్టు కాగితం చూపించి సాధించిన సీటులో కూర్చునే బిడ్డను రోజూ చూసుకోవలసింది ఆ టీచరే కదా. అందుకే బడి పేరు కంటే ఆ క్లాసు టీచరును చూసి నిర్ణయం తీసుకోవడం మంచిది.

మామూలు ప్రైవేటు బడి. కూర్చోగల, కాస్త సూచనలు అందుకోగల, గోల తట్టుకోగల పిల్లలకు ఇది బాగుంటుంది. క్లాసులో యాభై మంది ఉంటే గోలకే సగం శక్తి పోతుంది, కాబట్టి చిన్న బడి, తక్కువ ర్యాంకుల బడి తరచూ మేలు. చాలాచోట్ల తోడు టీచరును మన ఖర్చుతోనే పెట్టుకోమంటారు. పెట్టుకుంటే ఒకటి గమనించండి: మంచినీళ్లు కావలసి వచ్చినప్పుడు బిడ్డ ఎవరి దగ్గరికి వెళ్తోంది? ఎప్పుడూ తోడు టీచరు దగ్గరికే అయితే, క్లాసు టీచరుకు ఆ బిడ్డతో పనే లేకుండా పోయినట్టు. నోట్సు కూడా తోడు టీచరే రాస్తుంటే మనం ఫీజు కట్టి ఇంకొకరిని చదివిస్తున్నాం. సీబీఎస్ఈ పరీక్షల్లో ఈ పిల్లలకు రాసిపెట్టే మనిషి, అదనపు సమయం, ఒక భాష నుంచి మినహాయింపు వంటివి ఉన్నాయి. తొమ్మిదో తరగతిలోనే అడిగి పెట్టుకోవాలి.

ప్రభుత్వ బడి, భవిత కేంద్రం. దీన్ని చాలామంది చూడకుండానే తోసేస్తారు. సమగ్ర శిక్ష కింద రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం శిక్షణ పొందిన రిసోర్సు టీచర్లు ఉంటారు. బడికి రాలేని పిల్లల ఇంటికి కూడా వెళ్తారు. ఒక టీచరు మీద ఎంతోమంది పిల్లల భారం ఉంటుంది, అది నిజం. అయినా పల్లెలో ఉన్నవాళ్లకు, ఊరంతా బిడ్డను ఎరిగిన చోట, నడిచి వెళ్లే బడి ఇచ్చే భద్రత చిన్నది కాదు.

ప్రత్యేక బడి. చదువు కంటే బతుకు పనులు ముందు నేర్వవలసిన పిల్లలకు, మామూలు క్లాసులో రోజూ ఏడుస్తూ గడిపే పిల్లలకు ఇదే సరైనది. ఇందులో అవమానమేమీ లేదు. చూడటానికి వెళ్లినప్పుడు చిన్నపిల్లల గది కాదు, పెద్దపిల్లల గది చూపించమనండి. ఆరేళ్లవాడూ పదహారేళ్లవాడూ ఒకే రకం పూసలు గుచ్చుతుంటే ఆ బడిలో పదేళ్ల తర్వాత మీ బిడ్డ ఏం చేస్తుంటుందో మీకు తెలిసిపోయినట్టే. పెద్దపిల్లలు కూరగాయలు తరుగుతూ, డబ్బు లెక్కపెడుతూ, పక్క కొట్టుకు వెళ్లి సరుకు తెస్తూ కనిపిస్తే చేర్పించండి.

ఇల్లు, ఓపెన్ స్కూలు. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, ఈ పిల్లలకు పెద్ద వెసులుబాటు. పదో తరగతికి కనీసం ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు చాలు. గణితం తప్పనిసరి కాదు, చిత్రలేఖనం, గృహ విజ్ఞానం వంటివి తీసుకోవచ్చు. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు, ఒక్కో విడతకు ఒకటో రెండో రాసుకుంటూ పోవచ్చు. ఆ కింద మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానమైన స్థాయిలూ ఉన్నాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూలు సొసైటీలు తెలుగులో నడుస్తాయి. చదువు వరకు ఇది చక్కని దారే, కానీ పగలంతా బిడ్డ ఎవరితో ఉంటుందన్న ప్రశ్నకు ఓపెన్ స్కూలు జవాబు చెప్పదు. ఈత, సంగీతం, గుడి, తాతయ్యతో మార్కెట్టు, ఏదో ఒకటి రోజుకొక్కసారైనా ఇల్లు దాటించేది ఉంటేనే ఈ దారి పట్టండి.

ఒకసారి ఎంచుకుంటే జన్మంతా దానిలోనే ఉండాలని లేదు. ఐదో తరగతి వరకు మామూలు బడి, తర్వాత సగం రోజు ప్రత్యేక బడి, ఆపైన ఓపెన్ స్కూలు, ఇలా మారిన పిల్లలు ఎక్కువమందే. ఏడాదికోసారి, మొదట్లో చెప్పిన ఆ సాయంత్రం ఆరింటి ప్రశ్న వేసుకుంటే చాలు. బడి నుంచి రాగానే బట్టలు చింపుకుంటూ రాత్రి దాకా తేరుకోని బిడ్డ, రిపోర్టు కార్డులో ఎన్ని మార్కులున్నా, ఆ బడిని మోయలేకపోతోందని లెక్క.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు తరచూ అడిగేది వెనక్కి రావాలా వద్దా అని. అక్కడ ప్రభుత్వ బడిలోనే వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసి, థెరపీలతో సహా 21 ఏళ్ల వరకు ఉచితంగా నడుపుతారు. అది ఇక్కడ దొరకదు. ఇక్కడ దొరికే పిన్నులు, బాబాయిలు, ఇంట్లో పనికి మనిషి అక్కడ దొరకరు. బిడ్డ చిన్నది, బడి బాగుంది అంటే ఉండండి. తల్లి ఒక్కతే నలిగిపోతోంది, తండ్రి ప్రయాణాల్లోనే ఉంటాడు అంటే రావడం గురించి ఆలోచించండి.

ఎవరు చూసుకోవాలి

ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్న మన దగ్గర తల్లినే అడుగుతారు, తండ్రిని ఎవరూ అడగరు. మానేస్తే బిడ్డకు సమయం దొరుకుతుంది, ఇంటికి ఒక జీతం పోతుంది, తల్లికి మాట్లాడే మనుషులు పోతారు. సగం రోజు పని, సెలవు తీసుకుని మళ్లీ చేరడం, భార్యాభర్తలు వేర్వేరు వేళల్లో పని చేయడం, ఇవన్నీ చూశాకే రాజీనామా. నానమ్మ, తాతయ్యల మీద వదిలితే ప్రేమకు లోటుండదు, పరిగెత్తే ఎనిమిదేళ్లవాడిని పట్టుకునే కాళ్లే ఉండవు. ఆయాను పెట్టుకుంటే నేర్పించవలసింది మొదట బిడ్డకు కాదు, ఆమెకు. కార్డులు ఎలా అందుకోవాలి, తల బాదుకుంటే ఏం చేయాలి అన్నవి ఒక కాగితం మీద తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ఎక్కడో దూరాన ఉన్న హాస్టల్లో చిన్నపిల్లలను వదలడానికి నేను వ్యతిరేకం. మాట రాని బిడ్డ అక్కడ ఏం జరిగినా చెప్పుకోలేదు. పెద్దయ్యాక, చూసుకునేవాళ్లు లేనప్పుడు అది వేరే సంగతి.

పెళ్లిళ్ల గురించి ఒక మాట. అందరూ వెళ్లడం, ఎవరూ వెళ్లకపోవడం అనే రెండింటి మధ్య చాలా చోటుంది. ముహూర్తానికి వెళ్తే గట్టిమేళం హోరు, జనం, వీడియో లైట్లు. ముందురోజు ఇంట్లో పసుపు కొట్టే వేళకు తీసుకెళ్తే చుట్టాలంతా బిడ్డను చూస్తారు, బిడ్డా భరించగలుగుతుంది. ముహూర్తానికే వెళ్లాలంటే రెండు బండ్లలో వెళ్లండి, గేటు దగ్గర కుర్చీ చూసుకోండి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టండి, ఎవరు బిడ్డతో ముందుగా తిరిగి వస్తారో ఇంట్లోనే తేల్చుకోండి. "పిల్లను అలా పెంచారేమిటి" అనే పెద్దమ్మ ప్రతి పెళ్లిలోనూ ఒకరుంటారు. ఆవిడకు జవాబు చెప్పే బాధ్యత మేనమామకు అప్పగించండి.

వైకల్య సర్టిఫికెట్ తీసుకోవాలా

తీసుకోండి. "ముద్ర పడిపోతుంది" అన్న భయంతో ఆగిన కుటుంబాలు పోగొట్టుకున్నదే ఎక్కువ. దాన్ని మెడలో వేసుకుని తిరగనక్కర్లేదు, బీరువాలో ఉంచుకుని అవసరమైనప్పుడు తీస్తే చాలు. పరీక్షకు వాడే 40 అంశాల కొలమానం మన దేశపు పిల్లల కోసం తయారైనదే. అది వైద్యుల పరిశీలన, తల్లిదండ్రులు చెప్పే వివరాల మీద నడుస్తుంది కాబట్టి బిడ్డ బాగున్న రోజు సంగతులే కాక కష్టమైన రోజు సంగతులూ దాచకుండా చెప్పండి.

దానితో దొరికేవి: దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ. కేంద్ర ప్రభుత్వ జాతీయ ట్రస్టు నడిపే నిరామయ ఆరోగ్య బీమా, ఏడాదికి లక్ష రూపాయల వరకు, చేరేముందు వైద్య పరీక్షలేమీ లేకుండా. మామూలు బీమాలు ముట్టుకోని థెరపీ ఖర్చులో కొంత కూడా ఇందులో వస్తుంది, అయితే ముందు మనం కట్టి బిల్లులు పంపాలి. పాత విధానంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు. అర్హత ఉన్న కుటుంబాలకు పింఛను: ఆంధ్రప్రదేశ్‌లో 2024లో నెలకు 6,000 అయింది, తెలంగాణలో 2023లో 4,016కు పెరిగింది.

పన్నెండు దాటాక, పద్దెనిమిది దాటాక

ఆడపిల్లల తల్లులు నెలసరికి ముందే సిద్ధం కావాలి. ప్యాడు ఒంటికి గుచ్చుకుంటుందని పీకి పారేసే పిల్లలకు నెలసరి లోదుస్తులు నయం, ఉతుకు పని ఎక్కువ. ప్యాడుకు అలవాటు పడగలదనుకుంటే నెలసరి రాకముందే వారానికోసారి కాసేపు పెట్టించి, లోదుస్తు మీద ప్యాడు ఆకారం గీసి, ఎక్కడ అంటించాలో చూపించండి. మగపిల్లలకూ, ఆడపిల్లలకూ ఒంటి విషయంలో "వద్దు" అనే మాట అప్పటికి గట్టిగా వచ్చి ఉండాలి.

పద్దెనిమిది నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో తల్లిదండ్రులు ఆటోమేటిగ్గా సంరక్షకులు కారు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద కలెక్టరు సభ్యులుగా ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టి సంరక్షకత్వం తీసుకోవచ్చు. 2016 చట్టం మాత్రం సంరక్షకులూ ఆ వ్యక్తీ మాట్లాడుకుని, ఆ వ్యక్తి ఇష్టాన్ని బట్టి నిర్ణయాలు తీసుకునే పరిమిత సంరక్షకత్వం వైపు మొగ్గుతుంది. బ్యాంకు ఖాతా, చిన్న కొనుగోళ్లు తనే చూసుకోగల యువకుడికి పూర్తి సంరక్షకుడిని పెట్టడం అనవసరం. ఆస్తి ఉండి, మాట లేక, ఎవరైనా మోసం చేసే వీలుంటే ఆలస్యం చేయకండి. సంరక్షకులుగా తల్లిదండ్రుల తర్వాత ఎవరన్నది కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. తోబుట్టువును అడగకుండా వాళ్ల పేరు రాసేయకండి.

పనుల సంగతికొస్తే, ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగుల 4 శాతంలో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటి వర్గాలకు కలిపి ఉంది. అందరికీ అది అందదు. వృత్తి శిక్షణ కేంద్రం, ఇంటి దగ్గర చిన్న వ్యాపారం, తెలిసినవాళ్ల కొట్లో పని, ఈ మూడింటిలో ఒకటి తేల్చుకోవలసి వస్తుంది. కాగితపు సంచుల పని ఉందని సంచుల పనిలో పెట్టకండి. రెండు మూడు చోట్లకు కొన్నాళ్ల చొప్పున పంపి, ప్రతి చోటా ఫొటో తీసి, ఉదయం ఆ ఫొటోలు ముందు పెట్టి ఎక్కడికి వెళ్తావని అడగండి. మా అమ్మాయి కుట్టు కేంద్రం ఫొటోను ప్రతిసారీ తిప్పి పెట్టేసి వంటగది ఫొటో తీసింది. కుట్టు నేర్పించాలని నేను చాలా అనుకున్నాను. ఇప్పుడు వంటగదికే వెళ్తోంది.